‘ఇటలీ సలామీ’ అని వేలాడదీశారు కదా అని కొనేయకండి, నేను కొని చచ్చాను

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉండేవాళ్ళు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. తలుపు తీయగానే నెత్తిమీద సలామీలు (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం సాసేజీలు) తోరణాల్లా వేలాడుతుంటాయి, కౌంటర్ మీద చిన్న ఇటలీ జెండా ఉంటుంది, అదే. మీలో కొందరిని నేనే చూశాను అక్కడ.

ముందు కథ క్లుప్తంగా. ప్రాజెక్టు మీద ఏడాదిన్నర మిలాన్‌లో ఉన్నప్పుడు అంటుకున్న జబ్బు ఇది. శనివారం రైలెక్కి పార్మా వెళ్ళి ఫెలీనో సలామీ తెచ్చుకునేవాణ్ణి. ఫెలీనో అంటే పార్మా పక్కనే ఉన్న ఊరు. పంది మాంసం, ఉప్పు, మిరియాలు, కాస్త వెల్లుల్లి, వైను, అంతే. ఏటవాలుగా, మిరియపు గింజంత మందాన కోసి ఇస్తారు. నాలుక మీద ముందు తియ్యగా ఉంటుంది, తర్వాత ఉప్పు తెలుస్తుంది. అమెరికా వచ్చాక దానికోసం మొహం వాచిపోయాను. సూట్‌కేసులో తెచ్చుకుందామంటే కస్టమ్స్ వాళ్ళు లాక్కుంటారు. అదీ నా బలహీనత. ఆ షాపు వాడికి నా మొహం చూడగానే తెలిసిపోయినట్టుంది.

పౌండు 38 డాలర్లన్నాడు. అంతా అని నోరు తెరిస్తే పెద్ద ఉపన్యాసం. ఇటలీ సలామీని ఈ దేశంలోకి రానిచ్చిందే 2013లోనట, అదీ ఉత్తరాన ఉన్న కొన్ని ప్రాంతాల నుంచే. ఆ పైన 2022లో అక్కడి అడవి పందుల్లో స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు బయటపడింది కాబట్టి సరుకు దొరకడం గగనమైపోయిందట. చెప్పినవన్నీ నిజాలే, అదే కదా నా ఖర్మ! నిజాల మధ్యలో ఒక్క అబద్ధం పెట్టి అమ్మాడు. నేను తల ఊపుతూ కార్డు గీకాను. 1.6 పౌండ్లు, 60 డాలర్ల 80 సెంట్లు.

ఇంటికొచ్చి చెక్క మీద పెట్టి కోశాను. పైన అంగుళంలో పావు వంతు మందాన చెప్పు తోలులా గట్టిగా ఉంది. లోపల కత్తికి అంటుకుంటోంది. మధ్యలో పచ్చి ముద్ద, పులిసిన వాసన. గాలి మరీ పొడిగా ఉన్నచోట హడావుడిగా ఆరబెడితే పై పొర బిగుసుకుపోయి లోపలి తడి బయటికి రాదు. అసలు సలామీ వారాల తరబడి మెల్లగా ఆరి, బరువులో మూడో వంతు దాకా పోగొట్టుకుంటుంది. నేను మాత్రం పౌండుకి 38 డాలర్లిచ్చి నీళ్ళు కొన్నానన్నమాట. బజారులో ఎండు చేపని వేలితో నొక్కి, విరిచి, వాసన చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టే మా అమ్మకి పుట్టాను నేను! నొక్కి చూడాలని తట్టలేదు. జెండా చూసి పడిపోయాను.

మా ఆవిడ సలామీ ముట్టదు. కానీ ‘ప్రొదొత్తో ఇన్ ఇతాలియా’ (ఇటలీలో తయారైంది) అన్న స్టిక్కర్ మూల లేచి ఉండటం చూసింది ఆవిడే. గోరుతో మెల్లగా పీకింది. కింద అసలు లేబుల్. గుండ్రటి యు.ఎస్.డి.ఏ. (అమెరికా వ్యవసాయ శాఖ) ముద్ర, అందులో ఈ.ఎస్.టి. నంబరు, అంటే ఇక్కడి ఫ్యాక్టరీని గుర్తుపట్టే నంబరు. దాని పక్కన ‘కీప్ రిఫ్రిజిరేటెడ్’ అని. ఫ్రిజ్‌లో ఉంచమన్న సరుకుని వాడు ఎన్ని రోజుల నుంచి కొక్కేనికి వేలాడదీశాడో ఆ దేవుడికే తెలియాలి.

అమెరికాలో చేసిందని నాకు కోపం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇటలీ వాళ్ళు వందేళ్ళకి పైగా సలామీ చేస్తున్నారు, బాగుంటుంది, నేనూ తింటాను. అదే పేరు చెప్పి అమ్మొచ్చు కదా!

అరగంటలో మళ్ళీ షాపులో ఉన్నాను. స్టిక్కర్ ఒక చేతిలో, సలామీ ఇంకో చేతిలో. వాడు స్టిక్కర్ వంక చూడనేలేదు. సలామీ చేతిలోకి తీసుకున్నాడు, వెనక్కి తిప్పాడు, నా వైపు చూసి నవ్వాడు. “అసలైన సలామీ ఇలాగే ఉంటుంది సార్. మీవాళ్ళకి ఈ రుచి అలవాటు ఉండదు” అన్నాడు. మీవాళ్ళకి! క్యూలో నా వెనకాల నలుగురున్నారు. ఒకాయన నేల వైపు చూస్తున్నాడు. డబ్బులు అడిగితే బిల్లు వెనక్కి తిప్పి, ‘తినే వస్తువులు వాపసు తీసుకోబడవు’ అన్న లైను వేలితో చూపించాడు. ఆ తర్వాత నా భుజం మీదుగా “నెక్స్ట్” అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? “ఓకే, థాంక్యూ” అన్నాను. థాంక్యూ! పార్కింగ్‌లో కారెక్కాక మాత్రం వాడికి ఫెలీనో గురించి పది నిమిషాలు క్లాసు పీకాను, స్టీరింగ్‌కి.

కార్డు వాళ్ళ దగ్గర డిస్ప్యూట్ పెట్టాను. లేబుల్ ఫొటోలతో యు.ఎస్.డి.ఏ.కి ఫిర్యాదు కూడా పంపాను. చూద్దాం.

కొనేవాళ్ళు స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉందేమో చూడండి. ఫెలీనో అంటే నీలం, పసుపు రంగుల గుండ్రటి ఐజీపీ గుర్తు (ఆ ప్రాంతపు సరుకేనని యూరప్‌లో ఇచ్చే ముద్ర) అడగండి, కనబడకపోతే వదిలేయండి. పైన తెల్లటి పొడి బూజు ఉంటే భయం లేదు, అది ఉండాల్సిందే. ఆకుపచ్చగానో నల్లగానో నూగుగా ఉంటే వద్దు. వేళ్ళతో అటూ ఇటూ నొక్కండి, మధ్యలో మెత్తగా దిగిందా, అక్కడే పెట్టేసి రండి. వాడేమనుకుంటాడో అని మొహమాటపడకండి, నాలాగా.

మొదట కోసినప్పుడు ఆశ చావక మూడు ముక్కలు తిన్నాను. రాత్రి నుంచి కడుపు గుడగుడమంటోంది, మా ఆవిడ మజ్జిగలో వాము వేసి పట్టుకొచ్చింది. తాగేసి మిగతా కామెంట్లకి జవాబిస్తాను.