కుట్టా, క్రోషానా: ఏడాది తిరిగేసరికి ఏది పూర్తవుతుంది?

విశ్వావసు నామ సంవత్సర ఉగాది నాడు, అంటే 2025 మార్చి 30న, రెండువందల పేజీల నోటు పుస్తకం ఒకటి తీసి, ముందు వైపు నుంచి కుట్టుపనులనూ, వెనుక వైపు నుంచి క్రోషా (కొక్కెం సూదితో దారం అల్లే) పనులనూ రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్న నాలుగు విషయాలు తప్ప అందులో మరేమీ లేవు. 2026 మార్చి 19న పరాభవ ఉగాది వచ్చేనాటికి కుట్టు వైపు 14 పనులు మొదలై 11 పూర్తయ్యాయి. క్రోషా వైపు 5 మొదలై 2 మాత్రమే పూర్తయ్యాయి.

ఈ లెక్క ఒక్కటే చూస్తే కుట్టే మేలని తేల్చడానికి క్షణం పట్టదు. కాని అదే పుస్తకంలో ఇంకో లెక్క ఉంది. మెషీన్ ముందు నేను కూర్చున్నది ఏడాది మొత్తం మీద 31 రోజులే, సుమారు 75 గంటలు. క్రోషా సూది పట్టుకున్న రోజులు 140 దాటాయి, గంటలు 110 వరకు ఉన్నాయి. ఎక్కువ రోజులు, ఎక్కువ గంటలు పెట్టిన పని తక్కువ పూర్తి కావడం ఎందుకో ఆలోచిస్తేనే ఈ రెండింటిలో ఎవరికి ఏది మేలో తెలుస్తుంది.

ముందుగా తీరిక సంగతి. మాది శ్రీకాకుళం, ఉద్యోగం పొందూరులో. చిలకపాలెం మీదుగా బస్సులో వెళ్ళడానికి ముప్పావు గంట, రావడానికి ముప్పావు గంట. ఈ ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికిందంటే క్రోషా సాగుతుంది. గతుకుల దగ్గర సూది వేలికి గుచ్చుకోవడం తప్ప వేరే ఇబ్బంది లేదు. దిగాల్సిన చోటు వస్తే చివరి కన్నుకు, అంటే సూది మీది దారపు ఉచ్చుకు, ఒక పిన్నీసు పెట్టి సంచిలో పడేస్తే సరిపోతుంది. రెండు సూదులతో చేసే ఊలు అల్లికలో సూది మీద పదుల కొద్దీ కన్నులు ఒకేసారి నిలిచి ఉంటాయి కనుక ఒక్కటి జారినా వరుసంతా భయమే. క్రోషాలో ఎప్పుడైనా తెరిచి ఉండేది ఒక్క కన్నే. అందుకే ఆ పనిని ఎక్కడైనా ఆపవచ్చు, ఎక్కడైనా అందుకోవచ్చు.

కుట్టుకు ఇలాంటి సౌకర్యం లేదు. మాది తొక్కుడు మెషీన్. దాని మీద మా అబ్బాయి పుస్తకాలు, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు ఎప్పుడూ ఉంటాయి. వాటిని దింపి, నేల తుడిచి, గుడ్డ పరిచి, కొలతలు సుద్దతో గీసి, బాబిన్‌కు (మెషీన్ అడుగు దారం చుట్టే చిన్న చక్రానికి) అదే రంగు దారం చుట్టి, పాత గుడ్డ ముక్క మీద ఒకసారి కుట్టు పరీక్షించేసరికి అరగంట గడిచిపోతుంది, అసలు కుట్టు ఒక్కటీ పడకుండానే. కాబట్టి రెండు మూడు గంటలు ఎవరూ పిలవని తీరిక ఉంటే తప్ప మెషీన్ తెరవడం దండగ. నా 31 రోజుల్లో దాదాపు అన్నీ ఆదివారాలో పండుగ సెలవులో కావడానికి కారణం ఇదే. అయితే అలా కూర్చున్న రోజున లైనింగ్ జాకెట్టు ఒకటి సాయంత్రానికి ఒక రూపానికి వస్తుంది. క్రోషాలో ఒక్క రోజులో రూపానికి వచ్చేది ఏదీ నా పుస్తకంలో లేదు.

ఇక పని ఎక్కడ ఆగుతుందన్న విషయం. ఇక్కడే రెండింటి స్వభావం పూర్తిగా వేరు. కుట్టు మొదలవకముందే ఆగుతుంది, క్రోషా మధ్యలో ఆగుతుంది.

నిరుడు ఏప్రిల్‌లో కుర్తా కోసం రెండున్నర మీటర్ల పొందూరు ఖాదీ కొన్నాను. ఆ గుడ్డ వెనుక ఎంత చాకిరీ ఉందో ఆ ఊళ్ళో పనిచేసేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, విత్తు తీసి, ఏకి, రాట్నం మీద 100 నంబరు నూలు వరకు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నన) వడికే పద్ధతి అక్కడ ఇంకా ఉంది. అంతటి గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే చేయి ఆడదు. పైగా అంతకు ముందు సంవత్సరం ఒక ఖాదీ ముక్కను తడపకుండానే కత్తిరించి, కుట్టి, మొదటి ఉతుకులోనే పొడవులో అంగుళంన్నర పోగొట్టుకున్న అనుభవం నాది. ఈసారి గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేసి మడిచి పెట్టాను. ఆ మడత అయిదు నెలలు అలాగే ఉంది. అలమారు తెరిచినప్పుడల్లా మా అత్తగారు, "ఏటమ్మా, ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంచీసినావేటి?" అని అడిగేవారు. చివరికి సెప్టెంబరులో, పాత దుప్పటి గుడ్డతో ముందు ఒక నమూనా కుర్తా కుట్టి చూసుకున్నాకే ధైర్యం వచ్చింది. చంక దగ్గర ముప్పాతిక అంగుళం బిగువుందని ఆ నమూనాలోనే బయటపడింది. తరువాత అసలు కుర్తా రెండు ఆదివారాల్లో పూర్తయింది. సన్న నూలు కాబట్టి 11 నంబరు సూది వేశాను. అంచులు పోగులు పోగులుగా విడిపోయే గుడ్డ కాబట్టి ప్రతి అతుకునూ మొదట బయటి వైపు సన్నగా కుట్టి, తిప్పి, ఆ అంచును లోపల దాచేలా రెండోసారి కుట్టాను. దీనికి లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదలాలి. కత్తిరించేటప్పుడే గుర్తుండకపోతే తరువాత చేయగలిగింది లేదు.

కత్తిరించిన గుడ్డ తిరిగి అతకదన్న ఈ భయం క్రోషాలో లేదు. తప్పు పడితే దారం లాగుతాం, అంతే, మళ్ళీ ఉండ చుట్టుకుంటాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు క్రోషా మంచిదని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే. కాని ఇదే దాని లోపం కూడా. విప్పడం ఇంత తేలిక కాబట్టి విప్పుతూనే ఉంటాం. నా పుస్తకంలోని 110 క్రోషా గంటల్లో కనీసం పాతిక గంటలు విప్పి మళ్ళీ అల్లిన వరుసలవే.

వాటిలో పది గంటలు కేవలం మాటల గందరగోళం వల్ల పోయాయి. పాత పుస్తకాల్లోని నమూనాలు చాలావరకు బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి. ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకునే వీడియోలు ఎక్కువగా అమెరికా పద్ధతిలో ఉంటాయి. బ్రిటిష్ పుస్తకం 'డబుల్ క్రోషే' అనే పొట్టి కుట్టును అమెరికావారు 'సింగిల్ క్రోషే' అంటారు. అమెరికావారి 'డబుల్' దానికంటే బాగా పొడవైన కుట్టు. ఈ సంగతి తెలియక, పాత పుస్తకంలోని గుండ్రటి నమూనాను వీడియోలో నేర్చిన కుట్టుతో అల్లాను. ఎనిమిదో వరుసకు అది బల్ల మీద పరుచుకోకుండా అంచులు పైకి లేచి గిన్నె ఆకారానికి వచ్చింది. వృత్తం చదునుగా ఉండాలంటే పొట్టి కుట్టు అయితే 6 కన్నులతో మొదలుపెట్టి వరుసకు 6 చొప్పున, పొడవు కుట్టు అయితే 12తో మొదలుపెట్టి 12 చొప్పున పెంచాలి. నేను పొడవు కుట్టు వేస్తూ పొట్టి కుట్టు లెక్కన పెంచాను. గిన్నె కాక మరేమవుతుంది?

లెక్క సరిచేసుకుని ఆ బల్లగుడ్డనే మళ్ళీ మొదలుపెట్టాను. కేంద్రం నుంచి అంచుకు 40 సెంటీమీటర్లు రావాలని అనుకున్నాను. 20 సెంటీమీటర్లకు చేరిన రోజున సగం అయిపోయిందని సంబరపడి పుస్తకంలో అలాగే రాశాను. అది సగం కాదు, నాలుగో వంతు. వృత్తంలో వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని పదో తరగతికి ముందే చదువుకున్నాం గాని, చేతిలో సూది ఉన్నప్పుడు ఎవరికి గుర్తొస్తుంది? నిజంగా సగం అయ్యేది 28 సెంటీమీటర్ల దగ్గర. మొదట్లో ఒక బస్సు ప్రయాణంలో మూడు వరుసలు అయ్యేవి. 24 సెంటీమీటర్ల దగ్గర చుట్టుకొలతే ఒకటిన్నర మీటర్లు, ఒక్క వరుసకు రెండు ప్రయాణాలు పట్టాయి. పని అంతే వేగంతో చేస్తున్నా ముందుకు పోతున్నట్టు కనిపించదు. డిసెంబరులో అక్కడే ఆగిపోయింది.

కుట్టులో ఇలాంటి మోసం లేదు. జాకెట్టుకు టక్కులు, భుజాలు, మెడ, చేతులు, పక్క కుట్లు అని మెట్లు ఉంటాయి. ఏ మెట్టు మీద ఉన్నామో కంటికి తెలుస్తుంది. అయితే దానికీ ఒక చివరి ఊబి ఉంది. పూర్తికాని నా మూడు కుట్టుపనులూ మెషీన్ పని ముగిసినవే. రెండు జాకెట్లకు హుక్కులూ కాజాలూ లేవు, ఒక పాపాయి గౌనుకు అంచు మడిచి చేతికుట్టు వేయలేదు. మెషీన్ పని అయ్యాక మిగిలిన చేతిపనికి చేయి రాదు. క్రోషాకూ ఇలాంటిదే, దారపు కొసలను లోపలికి దూర్చి దాచే పని. రంగు మార్చిన ప్రతిసారీ రెండు కొసలు వేలాడతాయి. వాటిని చివరికి వదిలేసినవాళ్ళు చివరికి చేయరు, నేనే సాక్ష్యం.

రుతువుల మాటకు వస్తే, జనవరిలో సంక్రాంతి, ఆగస్టులో శ్రావణ శుక్రవారాలు కుట్టుకు గడువు పెడతాయి. గడువు ఉన్న పని ఆగదు. నా 11 పూర్తయిన పనుల్లో 7 ఈ రెండు పండుగల ముందరివే. క్రోషాకు పండుగ లేదు, అడిగేవారూ లేరు. వేసవిలో మా తీరపు ఉక్కకు చేతులు చెమటలు పట్టి తెల్లదారం మట్టిరంగుకు తిరుగుతుంది; ఊలు దారమైతే చేతికి అంటుకుని ముట్టబుద్ధి కాదు. వానాకాలంలో స్టీలు సూదులైనా పొడిగుడ్డలో చుట్టకపోతే మచ్చలు పడతాయి. మెషీన్‌కు నెలకోసారి నూనె వేయకపోతే తొక్కుడు బరువెక్కుతుంది. తుపాను రోజుల్లో మాత్రం క్రోషాకు సాటి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానంలోని మా పుట్టింట్లో చిక్కుకుపోయాను. రోజుల తరబడి కరెంటు లేదు. తొక్కుడు మెషీన్‌కు కరెంటుతో పని లేకపోయినా సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కావాలి కదా. క్రోషాలోని గొలుసు కుట్టుకు అదీ అక్కరలేదు, వేళ్ళకే లెక్క తెలుస్తుంది.

డబ్బు లెక్కలో పోటీయే లేదు. మెషీన్ కొనడానికి ముందు ఖర్చు ఎక్కువైనా, ఇంట్లో నలుగురి జాకెట్లు, లంగాలు, ఫాల్ కుట్లు బయటికి ఇవ్వకుండా చేసుకుంటే అది తిరిగి వస్తుంది. చేయి కుదిరితే ఇరుగుపొరుగు వారే గుడ్డ తెచ్చి ఇస్తారు. క్రోషా సూది తక్కువ ధరకే దొరుకుతుంది గాని, మంచి నూలు దారం చవక కాదు, చేసిన గంటలకు కూలి కట్టి కొనేవారు అరుదు. క్రోషాతోనే అల్లే నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. దానిని చూసి ఇంట్లో సాయంత్రాలు అల్లే బల్లగుడ్డతో సంపాదిద్దామని ఎవరైనా అనుకుంటే నేను వద్దనే చెబుతాను.

బొంత సంగతి కూడా కొందరు అడిగారు. పాత చీరలు నాలుగు పొరలుగా పరిచి చేతిసూదితో వరుసకుట్లు వేయడం ఈ రెంటికీ మధ్యరకం. ఎక్కడైనా ఆపవచ్చు, తప్పు పోయినా కనిపించదు. కాని పరిచిన బొంతకు ఇంట్లో ఒక గది కావాలి, అది మాకు లేదు.

కాబట్టి ఆదివారాలు తన చేతిలో ఉన్నవారికి, ఏడాది చివర లెక్కకు వచ్చే పనులు కావాలనుకునేవారికి, కుట్టే మేలు. ఖరీదైన గుడ్డకు ముందు పాత గుడ్డతో నమూనా కుట్టుకోవాలి, హుక్కులు కుట్టే వరకు రెండో జాకెట్టు కత్తిరించకూడదు. నాలాగా రోజుకు ముప్పావు గంట ముక్కలు తప్ప దొరకనివారికి క్రోషాయే గతి, అయితే గుండ్రటివి కాదు, చదరాలు. ఒక్కో చదరానికి పట్టే కాలం ఒక్కటే, దారం ఒక్కటే, కాబట్టి ఎంత అయిందో లెక్క అబద్ధం చెప్పదు. దారం మాత్రం మొత్తానికీ ఒకేసారి కొనాలి. ఉండ మీది కాగితం పట్టీపై రంగు నంబరుతో పాటు లాటు నంబరు (ఏ విడతలో రంగు వేశారో తెలిపేది) కూడా ఉంటుంది, లాటు మారితే అదే రంగు నంబరైనా పగటి వెలుతురులో తేడా తెలిసిపోతుంది.

ఈ ఉగాది వెళ్ళిన మరునాడే ఆ గుండ్రటి బల్లగుడ్డను మొత్తం విప్పేశాను. 50 గ్రాముల ఉండలు 8, అంటే 400 గ్రాముల దారం. 12 సెంటీమీటర్ల చదరం ఒక్కటి 9 గ్రాములు తీసుకుంటోంది, ఒక బస్సు ప్రయాణంలో ఒకటి అవుతోంది. వరుసకు 6 చొప్పున 6 వరుసలు, మొత్తం 36 కావాలి. నిన్నటికి 19 అయ్యాయి, కొసలతో సహా. వంటింటి తూకం మీద పెడితే మిగిలిన దారం 229 గ్రాములు తూగింది. మిగతా 17 చదరాలకు 153, అతుకులకు ఒక 40.