ట్యాంకు కింద నేల: ప్లాస్టరా, ఫోమా, కాగితం గుజ్జా?

ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే యుద్ధ ట్యాంకు మోడల్ కిట్ మీద నెలలు పెట్టేవాళ్లు కూడా దాని కింద నేల మాత్రం ఒక్క సాయంత్రంలో అయిపోవాలనుకుంటారు. బోర్డు మీద గమ్ పూసి, ఇసుక చల్లి, నాలుగు గడ్డి పరకలు గుచ్చి, బండిని తెచ్చి పైన పెట్టేస్తారు. తర్వాత ఫోటో తీసి చూసుకుంటే ఎక్కడో తేడా కొడుతుంది. రంగులు బాగున్నాయి, తుప్పు బాగుంది, నేల కూడా చూడ్డానికి నేలలాగే ఉంది. తేడా అంతా ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పలకల పట్టీ, నేలను తాకే చోట ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్ 1 బరువు దాదాపు 57 టన్నులు. 1/35 స్కేల్‌లో, అంటే అసలు కొలతల్ని 35 రెట్లు తగ్గిస్తే, అదే టైగర్‌ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూడొచ్చు. ఆ 57 టన్నుల సంగతి చూసేవాడికి చెప్పాల్సిన బాధ్యత నేలది. ట్రాక్‌కూ మట్టికీ మధ్య ఒక్క మిల్లీమీటరు సందున్నా, అసలు కొలతలో అది మూడున్నర సెంటీమీటర్లు. అంత బరువైన బండి గాల్లో తేలుతున్నట్టే లెక్క. అందుకే బేస్‌కి, అంటే బండి కింద నేలకి, ఏ మెటీరియల్ మేలని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే: ట్రాక్ అచ్చును అది ఎంత బాగా పట్టుకుంటుంది, ఆ అచ్చు వేయడానికి మనకు ఎంత టైమ్ ఇస్తుంది. మోయడం, కడగడం, ఖర్చు, ఇవన్నీ ఆ తర్వాతి మాటలు.

ముందు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ఎందుకంటే చాలామంది మొదలుపెట్టేది దానితోనే. జిప్సమ్‌ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే అందులో ఇమిడి ఉన్న నీటిలో ముప్పావు వంతు పోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్. నీళ్లు కలపగానే పోయిన నీటిని మళ్లీ లాక్కుని, వేడెక్కి, గట్టిపడుతుంది. తడి ఆరడం వల్ల గట్టిపడేది కాదు కాబట్టి కుంచించుకుపోదు, ఇంకా చెప్పాలంటే ఒక పిసరు వ్యాకోచిస్తుంది. పోసిన చోట పోసినట్టే అంచుల దాకా నిలబడడం దీని గొప్పదనం.

తలనొప్పి కూడా అక్కడే ఉంది. ఒకసారి కలిపాక అది మన కోసం ఆగదు. ట్రాక్ అచ్చు వేయడానికి సరైన అదను కొద్ది నిమిషాలే ఉంటుంది. తొందరపడి నొక్కితే అచ్చు మళ్లీ పూడుకుపోతుంది, ఆలస్యమైతే అంచులు పొడిగా రాలిపోతాయి. కలిపే నీళ్లలో కొన్ని చుక్కల వెనిగర్ వేస్తే గట్టిపడడం కాస్త నెమ్మదిస్తుంది, ఉప్పు వేస్తే ఇంకా తొందరపడుతుంది. గట్టిపడడం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోసి కలిపితే ఏర్పడుతున్న స్ఫటికాలు విరిగి, ఆరాక సుద్దముక్కలా నలిగిపోతుంది. మిగిలిన ముద్దను సింకులో మాత్రం పారబోయకండి, పైపులోనూ అదే పని చేస్తుంది.

బరువు సంగతి కూడా చూద్దాం. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. మందం ఉన్న బేస్‌ని పూర్తిగా ప్లాస్టర్‌తో పోస్తే దాదాపు రెండు కిలోలు తూగుతుంది. అదే కొలతలో ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ ముక్క అయితే 60 గ్రాములు. ఇంకో చికాకు, ప్లాస్టర్ లోపలంతా తెలుపే. ఎక్కడ గీత పడ్డా, ఏ మూల చిట్లినా తెల్లగా బయటపడుతుంది. కలిపేటప్పుడే నీళ్లలో గోధుమ రంగు అక్రిలిక్ కొంచెం వేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ఇంత చెప్పాక ప్లాస్టర్ పనికిరాదంటున్నానని అనుకోవద్దు. కూలిన గోడలు, రాతి మెట్లు, పగిలిన ఫుట్‌పాత్ చేయాలంటే దానికి సాటి లేదు. పల్చటి పలకగా పోసి, ఆరాక చేత్తో విరిస్తే, విరిగిన అంచు అచ్చం శిథిలమైన గోడ అంచులాగే ఉంటుంది. ఎంత చెక్కినా ఫోమ్‌లో ఆ గరుకుతనం రాదు. 1945 బెర్లిన్ వీధో, కూలిన నార్మండీ ఇల్లో చేస్తుంటే రెండో ఆలోచన అక్కర్లేదు. బండి కింద మెత్తటి నేల కావాల్సి వచ్చినప్పుడే దానితో నాకు పేచీ.

ఇక ఫోమ్. ఇక్కడ మెటీరియల్ విషయంలో కొంచెం జాగ్రత్త. ప్యాకింగ్‌లో వచ్చే తెల్లటి థర్మాకోల్ వేరు, ఎక్స్‌పీఎస్ బోర్డు వేరు. థర్మాకోల్‌ని కోస్తే పూసలు పూసలుగా రాలి బట్టలకీ బల్లకీ అంటుకుంటాయి, అంచు ఎప్పటికీ నీటుగా రాదు. ఎక్స్‌పీఎస్ దట్టంగా ఉంటుంది, పదునైన బ్లేడుతో శుభ్రంగా తెగుతుంది, శాండ్‌పేపర్‌కి లొంగుతుంది. వాలు నేల, కాలువ గట్టు, ఎత్తుగా వేసిన రోడ్డు, ఇలాంటివాటికి రెండు మూడు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి చెక్కేస్తే గంటలో ఆకారం వచ్చేస్తుంది. రాళ్లు పరిచిన వీధి కావాలంటే బాల్‌పెన్‌తో గీసి, అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా చుట్టి పైన అద్దితే చాలు, రాయి గరుకు వచ్చేస్తుంది. పది సెంటీమీటర్ల రాయి 1/35లో మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. చాలామంది గీసే రాళ్లు ఈ లెక్కన బండరాళ్లు!

ఫోమ్‌తో వచ్చే చిక్కులు రెండు. ఒకటి, అదీ పాలీస్టైరీనే, మన కిట్టూ పాలీస్టైరీనే. కిట్ ముక్కల్ని కరిగించి అతికించే సిమెంటు ఫోమ్‌ని కూడా కరిగిస్తుంది. సాల్వెంట్ ఉన్న స్ప్రే ప్రైమర్ కొట్టినా అంతే, చెక్కిన కొండ కళ్ల ముందే గుంటలు పడుతుంది. ముందుగా తెల్ల గమ్‌లో అక్రిలిక్ రంగు కలిపి అన్ని వైపులా ఒక కోటు వేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. రెండోది నా అసలు అభ్యంతరం. ఫోమ్ అచ్చును పట్టుకోదు. నొక్కితే దిగుతుంది, దిగిన చోట గుంట కూడా నిలుస్తుంది, కానీ ట్రాక్ పలకల గుర్తులు మొద్దుగా పడతాయి, పక్కకు మట్టి ఎగదన్నిన గట్టు అసలే రాదు. తడి నేల మీద బండి వెళ్తే మట్టి ఎక్కడికీ మాయం కాదు, పక్కకు జరుగుతుంది. ఫోమ్‌లో మాత్రం అణిగిపోయి ఊరుకుంటుంది.

కాగితం గుజ్జు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. సెల్యుక్లే లాంటి పేర్లతో రెడీమేడ్ పొడి దొరుకుతుంది. లేదంటే టిష్యూ కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చిదిమి, నీళ్లు పిండేసి మనమే తయారు చేసుకోవచ్చు. అందులో తెల్ల గమ్, సన్నగా జల్లించిన ఇసుక, ముదురు గోధుమ అక్రిలిక్ కలిపితే బురద సిద్ధం. రంగు లోపలి దాకా ఉంటుంది కాబట్టి ఎక్కడ చిట్లినా కింద మట్టే కనిపిస్తుంది. ఇసుక విషయంలో ఆ జల్లెడ తప్పనిసరి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు రేణువు ఈ స్కేల్‌లో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది, 1/72లో అయితే ఏడు సెంటీమీటర్లు దాటుతుంది.

దీని అసలు సుఖం టైమ్. గంటల తరబడి మెత్తగానే ఉంటుంది. బండిని నొక్కి చూసి, నచ్చకపోతే తీసేసి, తడి బ్రష్‌తో సర్ది, మళ్లీ నొక్కొచ్చు. ఉదాహరణకు 1941 శరదృతువు, రష్యా నేల, బురదలో సోవియట్ ట్యాంకు టి-34. అప్పటి దాని ట్రాక్ వెడల్పు 55 సెంటీమీటర్లు, మన స్కేల్‌లో దాదాపు 16 మిల్లీమీటర్లు. ఒక్కో పలక పొడవు దాదాపు 5 మిల్లీమీటర్లు. కిట్‌లో మిగిలిపోయిన ట్రాక్ ముక్కను ఒక పుల్లకి అంటించుకుని, పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, వెనక నుంచి బండి వరకు వరసగా నొక్కుకుంటూ రావాలి. తిన్నగా వచ్చిన బండి పలకల అచ్చులు వేస్తుంది, చాళ్లు దున్నదు. అదే బండి మలుపు తిరిగితే ట్రాక్ అడ్డంగా ఈడ్చుకుపోతుంది, పలకల గుర్తులు చెరిగిపోయి బయటి వైపు మట్టి గట్టులా లేస్తుంది. సగం ఆరాక ఆ గట్టు మీద సూదితో చిన్న చిన్న పగుళ్లు లాగితే, కాసేపటి క్రితమే బండి ఇటు తిరిగిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే బురదలో పక్కనే జర్మన్ ట్యాంకు పాంజర్ 3 పెడితే లెక్క మారుతుంది. దాని ట్రాక్ 40 సెంటీమీటర్లే, అంటే స్కేల్‌లో 11 మిల్లీమీటర్లు. సన్న ట్రాక్ కాబట్టి టి-34 కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ దిగబడనిస్తే దృశ్యానికి ప్రాణం వస్తుంది. రెండింటినీ ఒకే లోతులో నిలబెడితే ఆ సన్న ట్రాక్ పడ్డ పాట్లు ఎక్కడా కనపడవు. ఇంకొకటి, అచ్చులు బండి వెనకే ఉండాలి. ముందుకు వెళ్తున్న బండికి ఎదురుగా దాని అచ్చులే పడి ఉంటే అది వెనక్కి వస్తోందని అర్థం. మంచి మంచి డయోరమాల్లో (నేలతో సహా చేసిన చిన్న దృశ్యాల్లో) కూడా ఈ పొరపాటు కనిపిస్తూ ఉంటుంది.

గుజ్జులో లోపాలు లేకపోలేదు. ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆరుతూ కుంచించుకుపోతుంది. అంచుల దగ్గర విడిపోవడం, పల్చటి చెక్కని విల్లులా వంచేయడం దీనికి మామూలు. అయిదు మిల్లీమీటర్లకు మించి ఒకేసారి వేయకూడదు, చెక్కకి ముందే వార్నిష్ కొట్టి ఉంచాలి. తేమ వాతావరణంలో ఆరడం మరీ ఆలస్యమైతే బూజు పడుతుంది, కలిపేటప్పుడే రెండు చుక్కల డిసిన్‌ఫెక్టెంట్ వేస్తే సరిపోతుంది. పైన నూగులా పీచు లేస్తే ఆరకముందే తడి బ్రష్‌తో దువ్వేయాలి.

గాలికి ఆరే క్లే గురించి రెండు ముక్కలు. అచ్చు చాలా పదునుగా పడుతుంది, కానీ ఆరాక పగుళ్లు ఖాయం. ఎండి నెర్రెలు విచ్చిన చెరువు చేస్తున్నప్పుడైతే అవే పగుళ్లు వరం.

వల్యెహో, ఏకే ఇంటరాక్టివ్ లాంటి కంపెనీలు సీసాల్లో అమ్మే అక్రిలిక్ మట్టి పేస్టులు ఈ వరసలో చివరివి. వాడటం హాయి, రంగు కుదిరి ఉంటుంది, కొన్ని గంటల్లో ఆరిపోతాయి. బేస్ మొత్తం వాటితోనే నింపుదామంటే సీసాలు ఇట్టే ఖాళీ అవుతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల కన్నా మందంగా వేస్తే పైన ఆరి లోపల ఆరకుండా ఉండిపోతుంది. అసలు నేలకి అవి పైపూత మాత్రమే. కానీ ఒక పనికి వాటిని మించినవి లేవు. బేస్ మీద వేసిన పేస్టునే ట్రాక్ పలకల సందుల్లో, చక్రాల మీద, మడ్‌గార్డ్ కింద పూయొచ్చు. నేల మీద నల్ల బురద, బండి మీద ఎర్ర దుమ్ము ఉన్న మోడళ్లు బోలెడు. పక్క జిల్లాలో పూసుకుని ఇక్కడికి వచ్చి ఆగినట్టుంటాయి.

మరి ఏది మేలు? బురద నేలకైతే నా ఓటు ఫోమ్, గుజ్జు కలిపి. కింద ఎత్తుపల్లాలకి ఫోమ్, దాని మీద అయిదు మిల్లీమీటర్ల గుజ్జు, ఆఖర్న ట్రాక్ చుట్టూ కాస్త పేస్టు. గుజ్జు అంత పల్చగా ఉన్నప్పుడు కుంచించుకుపోయేదీ తక్కువే, బరువూ ఉండదు. ఎడారికైతే గుజ్జు అనవసరం. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ దగ్గర బ్రిటిష్‌వాళ్ల షెర్మన్ ట్యాంకులు తొలిసారి యుద్ధంలోకి దిగిన నేల సినిమాల్లో చూపించే ఇసుక తిన్నెల్లాంటిది కాదు, చాలావరకు రాళ్లతో నిండిన గట్టి నేల. అక్కడ ట్రాక్ ఒక మిల్లీమీటరు దిగినా ఎక్కువే. ఫోమ్ మీద పల్చటి పేస్టు, దాని మీద జల్లించిన ఇసుక, అక్కడక్కడా కొన్ని రాళ్లు, ఆ తర్వాత పిగ్మెంట్ పొడితో దుమ్ము. ఊళ్ల వీధులకి ముందే చెప్పినట్టు ప్లాస్టర్. రాళ్ల రోడ్డు మీద అచ్చు అనే ప్రశ్నే రాదు, ఉక్కు ట్రాక్ గీరిన తెల్లటి గీతలు, నలిగిన ఇటుక పొడి ఉంటే చాలు. మంచుకి మాత్రం బేకింగ్ సోడా వాడకండి, కొన్నాళ్లకి పచ్చబడుతుంది.

బురద అన్నాక ట్రాక్ గుంటల్లో నీళ్లు కూడా కావాలి కదా. ఎపాక్సీ రెజిన్ పోస్తే లోతు అందంగా వస్తుంది, కానీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా పోస్తే కింద కోటు సరిగ్గా పడని ఫోమ్ దెబ్బతినొచ్చు, పైగా అంచుల వెంబడి పైకి పాకి గట్టు మీద మెరుస్తూ కనిపిస్తుంది. బండి తొక్కిన గుంటలో నీళ్లు ఎలాగూ మట్టి కలిసిన గోధుమ నీళ్లే, అడుగు కనపడదు. అలాంటప్పుడు రెజిన్ లోతుతో పనేముంది? మెరిసే (గ్లాసీ) వార్నిష్‌లో రవ్వంత గోధుమ రంగు కలిపి, పల్చగా, ఒక పొర ఆరాక ఇంకోటి వేసుకుంటూ పోతే సరిపోతుంది. వాగు, చెరువు చేసేటప్పుడు రెజిన్ తీయండి.

చివరగా బండిని నేలకి అంటించాలా, విడిగా ఉంచాలా అన్నది గుజ్జు వేయకముందే తేల్చుకోవాలి. అంటించేటట్టయితే, సగం ఆరిన గుజ్జులో నొక్కి, పూర్తిగా ఆరాక గమ్‌తో కూర్చోబెట్టి, మిగిలిన సందుల్లో పేస్టు కూరాలి. ప్రయాణంలో కూడా కదలకుండా ఉండాలంటే కింద నుంచి స్క్రూ కావాలి, స్క్రూ ఫోమ్‌లో నిలవదు కాబట్టి బండి వచ్చే చోట ముందుగానే ఒక చెక్క ముక్క పొదిగి ఉంచుకోవాలి. విడిగా ఉంచుతామంటే ట్రాక్‌ల కింద ప్లాస్టిక్ కాగితం ఉంచే గుజ్జు పూర్తిగా ఆరనివ్వండి. బండి తీసినా పెట్టినా అదే అచ్చులో కూర్చుంటుంది, ఆ ఒక్క మిల్లీమీటరు సందు కూడా రాదు.