చవగ్గా దొరికే ‘వే 80’ సంచులతో జాగ్రత్త: ల్యాబ్ రిపోర్టు నిజమైనదే, సరుకే కల్తీ

ప్రోటీన్ లడ్డూలు, మిల్లెట్ కుకీలు, మాల్ట్ పొడులు చేసి అమ్ముకునే చిన్న యూనిట్ల వాళ్లు ఇది చదివాకే వే పౌడర్‌కి (పాలు విరిగాక మిగిలే నీళ్ల నుంచి తీసే ప్రోటీన్ పొడికి) అడ్వాన్సు కట్టండి. ఈమధ్య ఒక డీలరు ‘అన్‌ఫ్లేవర్డ్ వే కాన్సన్‌ట్రేట్ 80’ (అంటే రుచులు కలపని, 80 శాతం ప్రోటీన్ ఉండే వే) అని పంపిన సంచుల్లో అసలు పాల ప్రోటీన్ సగం కూడా లేదు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం గ్లైసిన్, మాల్టోడెక్స్ట్రిన్ (పిండి పదార్థం నుంచి చేసే పొడి). సంచులతో వచ్చిన ల్యాబ్ రిపోర్టులో మాత్రం ప్రోటీన్ 79 శాతం పైనే ఉంది. ఆ రిపోర్టు దొంగది కాదు. చిక్కంతా అక్కడే.

మామూలుగా ల్యాబ్‌లో ‘ప్రోటీన్ టెస్ట్’ అంటే కెల్‌డాల్ పద్ధతి. అది ప్రోటీన్‌ని కొలవదు, నైట్రోజన్‌ని కొలుస్తుంది. వచ్చిన అంకెని 6.25తో (పాల పదార్థాలకైతే 6.38తో) గుణించి ప్రోటీన్ ఇంత అని రాస్తారు. నైట్రోజన్ పాలదా, పొడిగా కలిపిన ఇంకోదానిదా అన్నది దానికి తెలియదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపింది ఈ సందు చూసుకునే. ఇప్పుడు కలుపుతున్న గ్లైసిన్ మెలమైన్ లాంటి విషం కాదు, ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో అదీ ఒకటి. అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ధరలో వేకీ దానికీ పొంతన లేదు.

లెక్క చూడండి. గ్లైసిన్‌లో నైట్రోజన్ 18.7 శాతం. అంటే 100 గ్రాముల గ్లైసిన్ పెడితే ఈ టెస్టు 117 గ్రాముల ‘ప్రోటీన్’ చూపిస్తుంది! 60 కిలోల అసలు వే 80లో 27 కిలోల గ్లైసిన్, 13 కిలోల మాల్టోడెక్స్ట్రిన్ కలిపితే రిపోర్టులో దాదాపు 80 శాతమే వస్తుంది. అందులో పాల ప్రోటీన్ 48 కిలోలే.

మీ లడ్డూలోకి వచ్చేసరికి ఏమవుతుందంటే: కిలో మిశ్రమంలో పౌడర్ 200 గ్రాములు, వేరుసెనగ 250, పుట్నాలు 150, నువ్వులు 100, బెల్లం 300 అనుకుందాం. సరుకు అసలుదైతే 100 గ్రాములకి 27 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కల్తీదైతే 21. లడ్డూని కెల్‌డాల్‌కి పంపినా 27 అనే చెబుతుంది. కొన్నవాళ్లలో ఎవరైనా అమైనో ప్రొఫైల్ (ఏ అమైనో ఆమ్లం ఎంతుందో విడివిడిగా చూపే పరీక్ష) చేయించేదాకా మీకూ తెలియదు, ఆ రోజు జవాబు చెప్పాల్సింది డీలరు కాదు, లేబుల్ మీద పేరున్న మీరు. 2024లో కేరళ వైద్యులు మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పౌడర్లు పరీక్షిస్తే 25 డబ్బాల్లో లేబుల్‌కీ లోపల ఉన్నదానికీ తేడా వచ్చింది.

చేతికి తగిలే గుర్తులు కొన్ని ఉన్నాయి. తీపి కలపని వే పాలవాసనతో చప్పగా ఉంటుంది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే చక్కెరలా తియ్యగా తగిలితే అనుమానించండి, గ్లైసిన్ రుచి అదే. రెండోది, 10 గ్రాముల పొడిని 90 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి కదుపుతూ వేడి చేయండి. 85 డిగ్రీలు దాటేసరికి అసలు వే చిక్కబడి గడ్డకడుతుంది. కల్తీది కొద్దిగా విరిగి, కింద నీళ్లు నీళ్లుగానే మిగులుతుంది. (హైడ్రోలైజ్డ్ వే, అంటే ప్రోటీన్‌ని ముందే చిన్న ముక్కలుగా విడగొట్టినది, అసలుదైనా గడ్డకట్టదు, దానికి ఈ పరీక్ష పనికిరాదు.) మూడోది లడ్డూలోనే కనిపిస్తుంది. అసలు వే వేసినవి రోజులు గడిచేకొద్దీ గట్టిపడతాయి. గ్లైసిన్ ఎక్కువున్నవి బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌తో కలిసి నల్లబడతాయి, మాల్టోడెక్స్ట్రిన్ తేమ పీల్చి కాగితానికి అంటుకుంటాయి. ఇవన్నీ అనుమానానికే తప్ప రుజువు కావు.

రుజువు కావాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌లో అమైనో ఆమ్ల ప్రొఫైల్ చేయించాలి. కెల్‌డాల్ కన్నా ఖర్చెక్కువే, కానీ టన్నుకి ఒకసారి చేయించినా గిట్టుబాటే. రిపోర్టులో రెండు అమైనో ఆమ్లాల వరుసలు చూస్తే చాలు. అసలు వే 80లో 100 గ్రాములకి ల్యూసిన్ 8 గ్రాముల దరిదాపుల్లో, గ్లైసిన్ 2 గ్రాముల లోపు ఉండాలి. పైన చెప్పిన కల్తీలో ల్యూసిన్ 5కి పడిపోతుంది, గ్లైసిన్ 28 దాకా లేస్తుంది. గ్లైసిన్ ఎక్కువగా ఉండి ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బాగా తగ్గిందంటే కొల్లాజెన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రోటీన్) కూడా కలిపి ఉండొచ్చు. ఆ పొడి వేసి ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క పెడితే అది ఇంకో కేసు.

ఇంకో చిన్న కిటుకు, దీన్ని పూర్తిగా మోసం అనలేం. సర్టిఫికెట్‌లో ‘డ్రై బేసిస్ 80’ అంటే తేమ తీసేశాక లెక్క. తేమ 5 శాతం ఉంటే సంచిలో ఉన్నది 76. లేబుల్ లెక్కకి ‘యాజ్ ఈజ్’ (తేమతో సహా) అంకె అడగండి.

పర్చేజ్ ఆర్డర్‌లోనే ‘అమైనో ప్రొఫైల్‌లో 100 గ్రాములకి గ్లైసిన్ 2 గ్రాములు మించితే సరుకు వాపసు’ అని రాయించండి. దానికి ఒప్పుకోని డీలరు దగ్గర కొనకండి, అంతే. రిపోర్టు మీది లాట్ నంబరు, సంచి మీది నంబరు, బిల్లులోది ఒకటే కావాలి. తెల్ల సంచుల్లోకి మార్చి కుట్టిన సరుకైతే నంబర్లు కలిసినా నమ్మొద్దు. ప్రతి లాట్ నుంచీ పైన, మధ్యన, అడుగున తీసి కలిపిన 300 గ్రాములు మూడు ప్యాకెట్లు చేసి, తేదీ వేసి సీలు వేసుకోండి.

అసలు మీకు వే అవసరమా అన్నదీ చూసుకోండి. ‘హై ప్రోటీన్’ అని రాయడానికి ఘనాహారంలో 100 గ్రాములకి ఆర్‌డీఏలో (మనిషి రోజుకి తీసుకోవాల్సిన మోతాదులో) 20 శాతం చాలు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మగవాళ్లకి చెప్పిన 54 గ్రాములు తీసుకుంటే అది 10.8 గ్రాములు. పై లడ్డూలో పౌడర్ తీసేసి వేరుసెనగ 350, పుట్నాలు 250 చేస్తే 15 గ్రాములు దాటుతుంది.

ఇప్పటికే సరుకు దిగిపోయిందంటే ఆ లాట్ వాడకం ఆపండి. మూడు ప్యాకెట్లలో ఒకటి ల్యాబ్‌కి పంపి, రిపోర్టు రాగానే డీలరుకి మెయిల్‌లో రాసి పెట్టండి, ఫోన్లో మాటలు నిలవవు. ఫిర్యాదు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకి గానీ ఇవ్వొచ్చు. కొన్నవాళ్లే ప్రభుత్వ ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే వీలు ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. అయితే పరీక్షకి పంపుతున్నామని కొనేటప్పుడే అమ్మేవాళ్లకి చెప్పాలి, కాబట్టి దిగిన సరుకుకి అది పనికిరాదు, తర్వాతి లోడుకి గుర్తుపెట్టుకోండి.