లూకస్ మాస్టారి నాచుల వెంట సిడ్నీలో మూడు రోజులు

ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన నాకు, బడి సెలవుల్లో సముద్రపు నాచులు ఏరుకుంటూ ఆ శాస్త్రంలో పెద్దగా నిలిచిన ఆర్థర్ లూకస్ మీద చాలాకాలంగా గౌరవం ఉంది. సిడ్నీలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన కోసమే మూడు రోజులు కేటాయించుకున్నాను.

1853లో ఇంగ్లండులో పుట్టిన లూకస్ 1883లో మెల్‌బోర్న్ వెస్లీ కాలేజీకి ఉపాధ్యాయుడిగా వచ్చారు. ఆ తరువాత సిడ్నీలో న్యూయింగ్టన్ కాలేజీ ప్రధానోపాధ్యాయుడిగా, 1899 నుంచి 1923 వరకు సిడ్నీ గ్రామర్ స్కూల్లో పనిచేశారు. ఆ బడి ఆస్ట్రేలియన్ మ్యూజియం పక్కనే ఉంది. పిల్లలు చదువుకుంటున్న చోటు కనుక బయటినుంచి చూసి వచ్చేశాను.

అక్కడికి నడిచి వెళ్ళగలిగే దూరంలోని స్టేట్ లైబ్రరీకి మాత్రం పూర్తిగా ఒక రోజు ఇవ్వాలి. ప్రవేశానికీ కార్డుకూ రుసుము లేదు. కావలసిన సంపుటాలను ముందురోజే కోరి ఉంచితే వేచి ఉండే పని తప్పుతుంది. ఆస్ట్రేలియా శైవలాలపై, అంటే నాచులపై, లూకస్ న్యూ సౌత్ వేల్స్ లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్ర సంఘం సంచికల్లో రాసిన వ్యాసాలను అక్కడి మిచెల్ పఠన మందిరంలో నిశ్శబ్దంగా చదువుకున్నాను.

ఆయన శైవలాలను చూసుకున్న హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం, 2022లో నగరం నుంచి మౌంట్ అన్నన్‌కు మారింది. దానికి దగ్గరి మెకార్థర్ స్టేషన్ వరకే రైల్లో గంట ప్రయాణం. అక్కడి ఉద్యానవనం ఉచితమే గానీ నమూనాలు పరిశోధకులకే కనుక, సమయం తక్కువైనవారు దీన్ని వదులుకోవచ్చు.

నా మటుకు సిడ్నీ ఉత్తరాన ఉన్న లాంగ్ రీఫ్ తీరమే ఈ యాత్రకు ప్రాణం. నగరం నడిబొడ్డున ఉన్న విన్యార్డ్ నుంచి పసుపు రంగు రెండంతస్తుల బస్సులో వెళ్ళి, తీరానికి దగ్గరగా ఒక బసలో రెండు రాత్రులు ఉన్నాను. అద్దె ఎక్కువ, తెల్లవారుజామున వేడినీళ్ళు రాలేదు, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. అయినా ఆటు వేళకు పది నిమిషాల్లో రాళ్ళ మీదికి చేరగలిగాను కనుక ఆ ఖర్చుకు చింత లేదు. నీరు వెనక్కి తీసిన బండలపై గోధుమ వన్నె పూసలను దారానికి గుచ్చినట్టున్న హార్మోసిరా అనే నాచు పరుచుకుని ఉంది. పూసల్లో దాచుకున్న నీటితోనే అది ఎండను తట్టుకుంటుంది. పక్కనే మన విశాఖ రాళ్ళ మీద కనిపించే ఉల్వా జాతి పచ్చని రేకులు. ఇది రక్షిత ప్రాంతం, సేకరణపై ఆంక్షలున్నాయి. నాచును నీళ్ళ పళ్ళెంలో తేల్చి, అడుగున కాగితం దూర్చి, కుంచెతో కొమ్మలు విడదీసి పైకెత్తితే చాలాసార్లు దాని జిగురే దాన్ని కాగితానికి అంటిస్తుందని నా విద్యార్థులకు చేసి చూపిన పని అక్కడ గుర్తొచ్చింది.

లూకస్ ఎనభై మూడో ఏట వార్నంబూల్ తీరంలో నాచులు సేకరించి తిరిగివస్తూ 1936లో ఆల్బరీ పట్టణంలో కన్నుమూశారు. దక్షిణ ఆస్ట్రేలియా నాచులపై ఆయన గ్రంథం మొదటి భాగం ఆ ఏడే వెలువడింది; ఎర్ర నాచుల భాగం నాచుల పరిశోధకురాలు ఫ్లోరెన్స్ పెరిన్ పేరుతో కలిసి 1947లో వచ్చింది. లాంగ్ రీఫ్ వెళ్ళేవారు గది తీసుకునే ముందే ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి, జారని అడుగున్న బూట్లు వేసుకోవాలి.