ఆటగాడి గుండెనా, జబ్బు గుండెనా: తేల్చడానికి ఎకో మేలా, ఎమ్మారై మేలా?

పడవ పందేల్లో తెడ్డు వేసే ఒక కుర్రాడి ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) రిపోర్టులో ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె కింది గది) గోడ మందం 14 మిల్లీమీటర్లు అని వచ్చిందనుకుందాం. మామూలుగా అది 12 దాటదు. ఏళ్ల సాధన వల్ల గుండె బలపడిందా, లేక జన్యులోపం వల్ల కండరం మందమెక్కిందా? రెండోదైతే దాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. 2003లో లియోన్‌లో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ కుప్పకూలిన కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో శవపరీక్షలో బయటపడింది ఈ జబ్బే. ఇటు పొరబడితే ప్రాణం పోతుంది, అటు పొరబడితే జబ్బు లేనివాడి బతుకుతెరువు పోతుంది.

ముందు ఎకోనే. ఖర్చు తక్కువ, రేడియేషన్ ఉండదు, కొట్టుకుంటున్న గుండె కళ్లెదుటే కనిపిస్తుంది. అయితే చాలామంది రిపోర్టులో మందం అంకె ఒక్కటే చూసి హడలిపోతారు. చూడాల్సింది గోడ ఒక్కటే కాదు, గది కూడా. 1991లో వెలువడిన ఇటలీ పరిశీలనలో 947 మంది మేటి క్రీడాకారుల్లో 13 మిల్లీమీటర్లు, ఆపైన గోడ ఉన్నవారు 16 మందే. ఒక సైక్లిస్టు తప్ప అందరూ పడవలు నడిపేవారే. ఆ 16 మందికీ గది కూడా 55 మిల్లీమీటర్లకు తగ్గకుండా విశాలమై ఉంది. ఇల్లు పెంచుకున్నవాడు గోడతో పాటు గదినీ పెంచుకుంటాడు. జబ్బు మాత్రం గోడను గదిలోకే తోస్తుంది. అందుకే జబ్బు గుండెలో గది తరచుగా 45 కంటే ఇరుకుగా ఉంటుంది. ఇక ఎకోలోనే కండరం కదిలే వేగాన్ని కొలిచే టిష్యూ డాప్లర్‌లో చూస్తే ఆటగాడి కండరం చకచకా సడలుతుంది, జబ్బు కండరం బిగుసుకుపోయి నెమ్మదిస్తుంది.

13 నుంచి 15 వరకు ఉన్న అనుమానపు పరిధిలో ఎకో తడబడుతుంది. ఛాతీపై ఆనించే ప్రోబ్ కాస్త ఏటవాలుగా పడినా ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గుండె కొనభాగం సరిగా కనిపించక, అక్కడే దాగిన జబ్బు తప్పించుకుపోతుంది కూడా.

అక్కడ ఎమ్మారైదే పైచేయి. కొనతో సహా గుండె అంతటినీ కొలుస్తుంది. గాడోలినియం అనే మందును నరంలోకి ఎక్కించి తీస్తే కండరంలోని మచ్చలు తెల్లగా వెలుగుతాయి. నాకు ఇంతకన్నా నచ్చేది టీ1 మ్యాపింగ్, అంటే ఎమ్మారైతోనే కండరం లోపలి కూర్పును అంకెల్లో కొలవడం. సాధనతో పెరిగేది కండర కణాలే కాబట్టి ఆటగాడి గుండెలో కణాల మధ్య జాగా వాటా పెరగదు, కాస్త తగ్గవచ్చు కూడా. జబ్బులో నారకణజాలం పేరుకుని ఆ జాగా పెరుగుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు మందాలకు లోపలి సరుకు వేరన్నమాట. అయితే ఎమ్మారై ఖరీదెక్కువ, ఇరుకు గొట్టంలో చాలాసేపు పడుకుని, మధ్యమధ్య ఊపిరి బిగబట్టి వదులుతూ ఉండాలి. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదనలేం. కుడి జఠరిక వచ్చి కలిసే చోట చిన్న మచ్చ ఆరోగ్యవంతులైన క్రీడాకారుల్లోనూ ఉండవచ్చు.

నా తూకంలో అందరికీ ఎమ్మారై అక్కర్లేదు. ఈసీజీలో ఎడమ పక్క లీడ్ల (ఒంటికి తగిలించే తీగల) గీతల్లో టీ తరంగాలు (ప్రతి గుండెచప్పుడుకూ చివర వచ్చే అలలు) తలకిందులైనా, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణం జరిగినా, ఎకో బాగుందని సరిపెట్టుకోకుండా ఎమ్మారై తీయించాలి. మన దగ్గర కుటుంబ చరిత్ర అడగడానికి మరో కారణం ఉంది: గుండె కండర జబ్బుతో ముడిపడిన ఎంవైబీపీసీ3 జన్యుమార్పు భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం 2009లో చూపింది. అది ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు.

ఈ రెండింటితోనూ తేలకపోతే మిగిలేది సాధన మాన్పించడం. మూడు నెలల్లో ఆటగాడి గోడ పలచబడుతుంది, జబ్బు గోడ అలాగే ఉంటుంది. ఒక సీజన్ వదులుకోవడానికి ఆటగాళ్లు అంత సులువుగా ఒప్పుకోరు. ఒప్పుకుంటే మాత్రం రెండోసారీ అదే యంత్రంపై, అదే కోణంలో, వీలైతే అదే డాక్టరుతో కొలిపించాలి. లేకపోతే తగ్గింది గోడా, కొలతా అన్న కొత్త సందేహం మొదలవుతుంది.