యాటిట్యూడ్ ఎరా మొత్తం వరసగా చూశాక నా రివ్యూ: క్లిప్పుల్లో కనపడని సంగతులు

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ కంపెనీ) యాటిట్యూడ్ ఎరా, అదే తొంభైల చివరి రఫ్ రోజులు, అంటే మనవాళ్లలో చాలామందికి యూట్యూబ్ క్లిప్పులే. ఆస్టిన్ బీర్ క్యాన్లు రెండు ఢీకొట్టి నోట్లో పోసుకోవడం, రాక్ కనుబొమ్మ ఎగరేయడం, మిక్ ఫోలీ కేజ్ మీంచి కింద పడటం, అంతే. అవి చూసి ఆ రోజులే వేరు బ్రో, ఇప్పుడంతా చప్పగా ఉంది అంటారు. నేను కొన్నేళ్లుగా 1996 నుంచి 2001 దాకా రా (వాళ్ల సోమవారం టీవీ షో) ఎపిసోడ్లు, పీపీవీలు (డబ్బు కట్టి చూసే పెద్ద షోలు) వరసపెట్టి చూస్తూ వస్తున్నా, మధ్యలో బోర్ కొట్టినా ఫార్వర్డ్ చేయకుండా, కొన్నయితే రెండో రౌండ్ కూడా అయిపోయాయి. చిన్నప్పుడు ట్రంప్ కార్డుల్లో చెస్ట్, బైసెప్స్ నంబర్లు చదువుకుని, అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలంట అని నమ్మిన బ్యాచ్‌కి పనికొస్తుందని రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. బూతులు, రక్తం, అమ్మాయిలు, వీటి వల్లే హిట్టయింది అనేది సగం నిజం కూడా కాదు. హిట్టయింది ఓనర్‌ని ఉద్యోగి కొట్టడం వల్ల. మిగతాదంతా మసాలా, ఆ మసాలాలో చాలా భాగం ఇప్పుడు చూస్తే కంపు కొడుతోంది.

అసలు ఎందుకు మారారో తెలియాలంటే 1995 ఎపిసోడ్లు రెండు మూడు చూడండి చాలు. చెత్తబండి వాడు ఒక రెజ్లర్, పందులు పెంచేవాడు ఒక రెజ్లర్, పళ్ల డాక్టర్ ఒక రెజ్లర్ (ఆ పళ్ల డాక్టరే తర్వాత మాస్క్ వేసుకుని కేన్ అయ్యాడు, ఈ విషయం తెలిశాక కేన్‌ని చూసి భయపడటం కష్టం). అదే ఏడాది సెప్టెంబర్ 4న పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ సోమవారమే రా మీదకి నైట్రో అనే షో మొదలెట్టింది. 1996 జులైలో హల్క్ హోగన్ అంతటివాడిని విలన్ చేసేసి ఎన్‌డబ్ల్యూఓ అని గ్యాంగ్ పెట్టారు, ఇక ఆ సమ్మర్ నుంచి వరసగా 83 వారాలు రేటింగ్స్‌లో నైట్రోదే పైచేయి. ఇంకోపక్క ఫిలడెల్ఫియాలో ఒక బింగో హాల్లో ఈసీడబ్ల్యూ అనే చిన్న కంపెనీ టేబుళ్లు, ముళ్లతీగలు, బండబూతులతో షోలు నడుపుతోంది, టీవీలో పెద్దగా కనపడదు కానీ జనం పిచ్చెక్కిపోతున్నారు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఓనర్ విన్స్ మెక్‌మహన్ ఎడ్జీగా మారింది ఏదో క్రియేటివ్ ఐడియా తట్టి కాదు, కంపెనీ మునిగిపోతుందన్న భయంతో. పక్కోడి ఐడియా ఎత్తేసి పెద్ద స్టేజి మీద పెట్టాడు. ఆస్టిన్ కూడా డబ్ల్యూసీడబ్ల్యూలో ఉద్యోగం పోయాక ఈసీడబ్ల్యూలో మైక్ పట్టుకుని పాత బాసుల్ని ఉతికి ఆరేసి వచ్చినవాడే.

1997 డిసెంబర్ 15 రాలో విన్స్ కెమెరా ముందుకొచ్చి, మంచోడు చెడ్డోడు అనే పాత లెక్క అయిపోయింది, మీ తెలివితేటల్ని తక్కువ చేసే షో ఇక చెయ్యం అన్న అర్థంలో ఒక స్పీచ్ ఇస్తాడు. అందరూ దాన్నే స్టార్టింగ్ పాయింట్ అంటారు. నాకైతే అది ప్రెస్ నోట్ చదివినట్టే ఉంది. అసలు మార్పు అంతకు తొమ్మిది నెలల ముందే జరిగిపోయింది, ఏటా జరిగే పెద్ద షో రెజిల్‌మేనియా 13లో, 1997 మార్చి 23న, బ్రెట్ హార్ట్, ఆస్టిన్ మ్యాచ్‌లో.

ఈ ఒక్క మ్యాచ్ ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు. బ్రెట్ హీరోగా వచ్చాడు, ఆస్టిన్ విలన్. చివర్లో బ్రెట్ షార్ప్‌షూటర్ (కాళ్లు మెలిపెట్టే పట్టు) వేస్తాడు, ఆస్టిన్ నుదురు పగిలి రక్తం కళ్ల మీదుగా, పళ్ల సందుల్లోకి కారుతుంటే కెమెరా మొహానికి దగ్గరగా పెట్టి అలాగే ఉంచేస్తారు, వాడు రెండు చేతులు మ్యాట్‌కి ఆనించి లేవాలని చూస్తాడు, ఒకసారి పట్టు విడిపోయినట్టే ఉంటది, మళ్లీ కూలబడతాడు, కానీ ఓడిపోయా అని మాత్రం అనడు, చివరికి స్పృహ తప్పితే రిఫరీ కెన్ షామ్రాక్ మ్యాచ్ ఆపేస్తాడు. బ్రెట్ ఆగకుండా పడిపోయినోడిని ఇంకా కొడతాడు. ఆస్టిన్ ఎవరి సాయం వద్దని తోసేసి కుంటుకుంటూ నడిచెళ్తుంటే జనం వాడి పేరే అరుస్తున్నారు. ఒక్క మ్యాచ్‌లో హీరో విలనయ్యాడు, విలన్ హీరో అయ్యాడు. అక్కడ రక్తం ఊరికే పెట్టలేదు, కథకి పనికొచ్చింది. తర్వాత వచ్చిన వందల సీన్లలో ఆ తేడా పోయింది.

ఆ నవంబర్లోనే మాంట్రియల్‌లో విన్స్ బ్రెట్‌ని మోసం చేసి ఛాంపియన్ టైటిల్ లాగేసుకోవడంతో, అప్పటిదాకా కామెంటరీ బల్ల దగ్గర కూర్చుని నవ్వే విన్స్ నిజంగా ఓనర్ అని ఊరందరికీ తెలిసిపోయింది. జనం తిట్టారు. ఆ తిట్లనే వాడు క్యారెక్టర్ చేసుకున్నాడు, ఇది మాత్రం మెచ్చుకోవాలి. 1998 ఏప్రిల్ 13న ఆస్టిన్, విన్స్ మ్యాచ్ అన్నారు, తీరా ఆ మ్యాచే జరగలేదు, మధ్యలో ఫోలీ వచ్చి చెడగొట్టాడు, అయినా ఆ రాత్రే 83 వారాల వరస తెగింది. జరగని మ్యాచ్‌తో నైట్రోని కొట్టారంటే అర్థం చేసుకోండి జనానికి ఏం కావాలో. టార్గెట్లు, అప్రైజళ్లు, మేనేజర్ నవ్వు ఇవన్నీ అనుభవించాక ఇప్పుడు చూస్తే ఆస్టిన్ ఎంట్రీకి వేసే గాజు పగిలిన సౌండ్ రాగానే నాకు ఇంకా ఒళ్లు జలదరిస్తది, చిన్నప్పుడు ఇంత కిక్ లేదు నిజానికి.

ఇప్పుడు చెడ్డ విషయాలు. రెండు గంటల ఎపిసోడ్‌లో కుస్తీ చాలా తక్కువ. మ్యాచ్ మొదలైన మూడు నాలుగు నిమిషాల్లో ఎవడో పరిగెత్తుకొచ్చి కుర్చీతో కొడతాడు, అయిపోయింది, మళ్లీ మాటలు. మంచి మ్యాచ్‌లు కావాలంటే 2000 ఏడాదికి వెళ్లండి, బెన్వా, జెరికో, యాంగిల్, ట్రిపుల్ హెచ్ అప్పుడు ఫామ్‌లో ఉన్నారు. డీఎక్స్ అనే రెజ్లర్ల గ్యాంగ్ చేసే బూతు సైగల గురించి అయితే అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ వాళ్లు 1999లో యాభై రా ఎపిసోడ్లు కూర్చుని లెక్కపెట్టారు, నడుము కింద పట్టుకోవడమో చూపించడమో 1,658 సార్లు అని తేల్చారు. వరసగా చూస్తే ఆ నంబర్ తక్కువే అనిపిస్తది.

ఆడవాళ్ల సెగ్మెంట్లు చూడటం నా వల్ల కాలేదు, సారీ. చైనా అనే లేడీ రెజ్లర్ లాంటి మనిషిని ఒకపక్క మగాళ్లతో సమానంగా నిలబెట్టి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ ఇచ్చారు, ఇంకోపక్క 2001 మార్చిలో ట్రిష్ స్ట్రాటస్‌ని రింగ్‌లో మోకాళ్ల మీద కూర్చోబెట్టి విన్స్ కుక్కలా మొరగమంటాడు. మాజీ ఉద్యోగిని వేసిన లైంగిక వేధింపుల కేసు తర్వాత 2024 జనవరిలో విన్స్ కంపెనీ పదవులు వదిలేశాడు (ఆరోపణలు నిజం కాదన్నాడు). అది తెలిసి ఈ సీన్ చూస్తే వేరేలా ఉంటది.

రాయల్ రంబుల్ 1999 కూడా చెప్పాలి. ఫోలీ చేతులకి బేడీలు, రాక్ కుర్చీతో తల మీద కొడుతూనే ఉంటాడు, ముందు వరసలో ఫోలీ భార్యాపిల్లలు ఏడుస్తున్నారు. అది నటన కాదు. అదే ఏడాది మే 23న కాన్సాస్ సిటీలో రెజ్లర్ ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగుతూ పడి చనిపోయాడు, షో మాత్రం ఆపలేదు. టీవీలో చూసేవాళ్లకి కామెంటేటర్ జిమ్ రాస్ చెప్పాడు, హాల్లో కూర్చున్నవాళ్లకి చెప్పలేదు. ఆ తర్వాతి ఎపిసోడ్లు పెట్టడానికి నాకు చాలా టైమ్ పట్టింది.

స్పాన్సర్లు అప్పటికే జారుకోవడం మొదలైంది, కోకా కోలా స్మాక్‌డౌన్ (వాళ్ల ఇంకో వీక్లీ షో) నుంచి యాడ్స్ తీసేసింది. టీవీ బూతుల మీద పోరాడే పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ తమకి వ్యతిరేకంగా చేసిన ప్రచారం మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కేసు వేసి 2002లో 35 లక్షల డాలర్లు, క్షమాపణ రాబట్టుకుంది, గెలిచారు కానీ గాలి మారింది. 2008కల్లా పిల్లలతో చూసే రేటింగ్‌కి వచ్చేశారు. 2023 సెప్టెంబర్లో గచ్చిబౌలిలో సీనా, రోలిన్స్ ఆడిన షోకి ఫ్యామిలీలతో వెళ్లారంటే ఆ మార్పు వల్లే, 1999 షో అయితే మీ పిల్లని పట్టుకుని వెళ్తారా చెప్పండి.

చూడాలనుకునేవాళ్లు రెజిల్‌మేనియా 13తో మొదలెట్టి, 1998 మొత్తం, 2000లో పీపీవీలు మాత్రం, ఆఖరికి 2001 ఏప్రిల్ 1 హ్యూస్టన్ రెజిల్‌మేనియా చూసి ఆపేయండి. అక్కడ ఆస్టిన్ గెలవడానికి విన్స్‌తోనే చెయ్యి కలుపుతాడు, సొంత రాష్ట్రం జనం కాబట్టి విలనైనా వాడికే చప్పట్లు కొడతారు, రైటర్లకి తలనొప్పి. ఇంట్లో పిల్లలుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, స్క్రీన్ కూడా గోడవైపు తిప్పుకోండి. ఐదుకి మూడున్నర ఇస్తా, ఆస్టిన్, విన్స్ గొడవ ఒక్కటే అయితే ఐదుకి ఐదు. 2000లో డెబ్భై దాటిన లేడీ రెజ్లర్ మే యంగ్‌కి పురుడు పోస్తే రబ్బరు చెయ్యి పుట్టే ఎపిసోడ్ ఒకటి ఉంది, అది అన్నం తింటూ పెట్టకండి.