ఐస్ మీద మనకో జోడీ: చైనా దారి మేలా, జపాన్ దారి మేలా?

హనుమకొండలో మా అమ్మాయి పొద్దున్నే ఆరింటికి చక్రాల స్కేట్స్ భుజాన వేసుకుని బయలుదేరుతుంది. ఎండాకాలంలో ఎనిమిది దాటితే సిమెంటు నేల మీద కాలు పెట్టలేం. మొన్నీమధ్య కోచ్ సార్ కొత్త పని పెట్టారు. తనతో పాటే నేర్చుకుంటున్న అబ్బాయి చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఒకే వరసలో వెనక్కి జారాలి. పదడుగులు కూడా పోలేదు. తను మోకాలు వంచేసరికి అతను లేస్తున్నాడు, అతను వంగేసరికి తను లేస్తోంది. మధ్యలో చేతులు విడిపోతున్నాయి. నేను గట్టు మీద కూర్చుని ఇరవై సార్లయినా లెక్కపెట్టాను.

అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మంచు మీద జారుతూ గెంతులు, విన్యాసాలు చేసే ఫిగర్ స్కేటింగ్‌లో పెయిర్స్, అంటే అమ్మాయి, అబ్బాయి జోడీగా చేసే ఆట, నాకు ప్రాణం. ఇప్పటిదాకా వింటర్ ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్‌లో భారత్ తరఫున ఎవరూ దిగలేదు, జోడీ సంగతి అటుంచితే ఒక్కరుగా కూడా లేరు. రేపు మనకంటూ ఒక జోడీ తయారు కావాలంటే ఎవరిని చూసి నేర్చుకోవాలి? ముందు ఏమీ లేక, తర్వాత పైకొచ్చిన దేశాలు మన పక్కనే రెండున్నాయి.

చైనా కథ యావో బిన్‌తో మొదలవుతుంది. 1980 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆయన జోడీ ఆఖరి స్థానంలో నిలిచింది. లిఫ్టులు, అంటే జోడీని పైకెత్తి తిరగడాలు, ఎలా చేయాలో చూపించేవాళ్లు లేక ఫొటోలు చూసి నేర్చుకున్న రోజులవి. ఆయనే తర్వాత కోచ్ అయ్యారు. ఆయన శిష్యులు షెన్ షూయే, ఝావో హాంగ్‌బో 2002లో ప్రపంచ ఛాంపియన్లయ్యారు, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచారు. అక్కడే రజతం కూడా చైనా జోడీదే. 2022లో బీజింగ్‌లో సుయ్ వెన్‌జింగ్, హాన్ కాంగ్ 0.63 పాయింట్ల తేడాతో స్వర్ణం పట్టారు. 1980 నాటి ఆఖరి స్థానం నుంచి తొలి ఒలింపిక్ స్వర్ణానికి 30 ఏళ్లు పట్టింది. దాని వెనక ఈశాన్య చైనాలోని హర్బిన్ నగరపు చలి ఉంది, పిల్లల్ని పసితనంలోనే ఎంచి పెంచే ప్రభుత్వ క్రీడా పాఠశాలలు ఉన్నాయి.

మనకూ హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది, నాలుగో తరగతి నుంచే పిల్లల్ని తీసుకుంటుంది. కాబట్టి పద్ధతి మనకు కొత్తేం కాదు. లేనిది మంచు. సిమ్లాలోని రింక్ (ఐస్ స్కేటింగ్ మైదానం) 1920 నాటిదే అయినా ఆరుబయట చలికాలంలో మాత్రమే గడ్డకట్టే మంచు అది. డెహ్రాడూన్‌లో 2011లో సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్ కోసం కట్టిన పెద్ద రింక్ ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ తెరుచుకుంది. ఒక్క రింక్‌ను నమ్ముకుని వందల మంది పిల్లల్ని పెంచడం కుదరదు. చైనా దారిని నేను గౌరవిస్తాను, కానీ ఇప్పటికిప్పుడు అది మనది కాదు.

జపాన్ దారి వేరు. అక్కడ సింగిల్స్‌లో ఛాంపియన్లకు కొదవ లేదు, పెయిర్స్ మాత్రం చాలాకాలం ఖాళీగా ఉండేది. ర్యూచి కిహారా చిన్నప్పటి నుంచి ఒంటరిగా స్కేటింగ్ చేసినవాడు. 2013లో, ఇరవై దాటాక పెయిర్స్‌లోకి వచ్చాడు. 2014 సోచిలో ఒక భాగస్వామితో, 2018 ప్యోంగ్‌చాంగ్‌లో ఇంకొకరితో ఆడాడు. రెండుసార్లూ పెయిర్స్ పోటీలో మొదటి అంచె అయిన షార్ట్ ప్రోగ్రామ్ దగ్గరే ఆగిపోయాడు. 2019లో రికు మియురాతో జతకట్టాడు. ఆమె అతనికంటే తొమ్మిదేళ్లు చిన్న, ఎత్తు ఐదడుగుల లోపే. ఇద్దరూ కెనడా వెళ్లి బ్రూనో మార్కోట్ దగ్గర చేరారు. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానం, అదే ఏడాది ప్రపంచ పోటీల్లో రజతం, 2023లో సొంతగడ్డ సైతామాలో ప్రపంచ టైటిల్. 2025లో మళ్లీ అదే టైటిల్.

ఈ జోడీ వీడియోలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అతను ఆమెను తలమీదికి ఎత్తి తిరుగుతుంటే నేను ఆమెను చూడను, అతని పాదాలే చూస్తాను. పైన అంత బరువుంటే కింద ఒక్క అడుగు కూడా తడబడదు. 2018లో ఇదే మనిషి షార్ట్ ప్రోగ్రామ్ దాటలేకపోయాడంటే నమ్మబుద్ధి కాదు. మనలాంటి దేశానికి ఇంతకంటే ధైర్యమిచ్చే కథ నాకు కనబడలేదు. వందల మంది అక్కర్లేదు. సరిపోయే ఇద్దరు, తెలిసిన కోచ్, ఆరేడేళ్లు ఓపిగ్గా ఖర్చు భరించే అండ ఉంటే చాలు. పైగా ఒలింపిక్స్ పెయిర్స్‌లో దిగేది ఇరవై లోపు జోడీలే. సింగిల్స్‌లో దాదాపు ముప్పై మంది చొప్పున ఉంటారు.

విదేశాల్లో పెరిగిన మన పిల్లల్ని తెచ్చుకుంటే తొందరగా అవుతుంది కదా అనేవాళ్లున్నారు. అమెరికాలో పుట్టిన తారా ప్రసాద్ సింగిల్స్‌లో మన జెండా కిందే ఆడుతోంది, అది సంతోషమే. జోడీకి వచ్చేసరికి ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఆ దేశ పౌరులై ఉండాలి. 2012 ప్రపంచ పోటీల్లో జపాన్‌కు కాంస్యం తెచ్చిన నరూమి తకహాషి భాగస్వామి మెర్విన్ ట్రాన్ కెనడా పౌరుడు. జపాన్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఆ జోడీకి ఒలింపిక్స్ దారి మూసుకుపోయింది. మన చట్టమూ అంతే. ఎవరో ఒకరు తమ పాస్‌పోర్టు వదులుకోవాలి. ఇరవై ఏళ్ల పిల్లల్ని అంత మాట అడగడం నాకు మనసొప్పదు.

అయితే ఆ సరిపోయే ఇద్దరు మనకు ఎక్కడ దొరుకుతారు? చక్రాల దగ్గరే అంటాను. చాలామందికి గుర్తులేదు గానీ, 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ ఆర్టిస్టిక్ పెయిర్స్‌లో, అంటే చక్రాల మీద చేసే జోడీ పోటీలో, భారత్‌కు కాంస్యం వచ్చింది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ, అవనీ పంచాల్ కలిసి తెచ్చారు. అదే క్రీడల్లో అనూప్ సింగిల్స్‌లోనూ కాంస్యం గెలిచాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. లిఫ్టులు, త్రో జంప్‌లు (అబ్బాయి విసిరితే అమ్మాయి గాల్లో తిరిగి దిగడం), డెత్ స్పైరల్ (అబ్బాయి చెయ్యి పట్టుకుని అమ్మాయి నేలకు ఆనేంతగా వాలి అతని చుట్టూ తిరగడం) అన్నీ చక్రాల మీదా ఉన్నాయి. 1998లో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన తారా లిపిన్‌స్కీ కూడా ముందు చక్రాల మీద నేర్చుకుని తర్వాత ఐస్ మీదికి వెళ్లిన పిల్లే.

చక్రం, బ్లేడు ఒకటి కావు. నాలుగు చక్రాల మీద నిలబడ్డ కాలికి సన్నటి బ్లేడు అంచు అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. జంప్ చేసి దిగేటప్పుడు మంచు జారనిస్తుంది, సిమెంటు మోకాళ్లను కొడుతుంది. కానీ ఇద్దరి అడుగు కలవడం, పట్టు ఎక్కడ బిగించాలో, ఎప్పుడు వదలాలో తెలియడం నేర్చుకోవడానికి మంచు అక్కర్లేదు. లిఫ్టులు ఎలాగూ ముందు చాప మీద, స్కేట్స్ లేకుండానే మొదలుపెడతారు. పద్నాలుగు పదిహేనేళ్ల దాకా ఇక్కడే జోడీగా పెంచి, అప్పుడు నిలబడ్డవాళ్లను జపాన్ చేసినట్టు బయటి కోచ్ దగ్గరికి పంపాలి. నా ఓటు దీనికే.

నిజమైన చిక్కు ఇంకోచోట ఉంది. జోడీ కుదిరిన కొన్నాళ్లకే అమ్మాయిని మాన్పిస్తారు, లేదంటే అబ్బాయిని ఇంటర్‌కు హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తారు. మా పక్కింటి వదినె కూడా అడిగింది, "గిట్ల అందరి ముందర చేతులు పట్టుకుని తిరుగుడు మంచిగుంటదా?" అని.

"పిలగాడు మంచిగ పట్టుకోకపోతే నా బిడ్డ కింద పడ్తది వదినె, నాకు గదే రంది" అన్నాను. మర్నాడు ఆమే చూడ్డానికి వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుంది. ఆ రోజు పిల్లలిద్దరూ చేతులు విడవకుండా అటు గోడ దాకా వెళ్లారు. మలుపు దగ్గర మాత్రం విడిపోయారు.